రావుగారి ఇంటిపేరు రావు కాదు

సందేహం: నేను పాస్‌పోర్టు సేవాకేంద్రంలో దరఖాస్తులు సరిచూసే పనిలో ఉన్నాను. సర్‌నేమ్ గడిలో కొందరు ఇంటిపేరు రాస్తారు, కొందరు పేరు చివరనున్న రావు, రెడ్డి, దేవి లాంటి మాట రాస్తారు, కొందరు ఖాళీగా వదిలేస్తారు. టెన్త్ సర్టిఫికెట్ చూద్దామంటే అందులో ఒక్క పొడి అక్షరమే ఉంటుంది. తెలుగువాళ్లకు సర్‌నేమ్ అంటే ఏది? పెళ్లయిన ఆడవాళ్లకు ఏ ఇంటిపేరు రాయాలి?
— ఒక పాఠకుడు, విజయవాడ

సమాధానం: ఇంటిపేరే. పేరులో ముందు వచ్చినా సర్‌నేమ్ గడిలో ఉండాల్సింది అదే.

ఇంగ్లిషువాళ్ల పేర్లలో వంశం పేరు చివర వస్తుంది కనుక దాన్ని లాస్ట్ నేమ్ అని కూడా అంటారు. విదేశీ ఫారాల్లో ఆ మాట చూసి మనవాళ్లు తమ పేరులో చివరిదేదో వెతికి అదే రాసేస్తున్నారు. తెలుగు పేరు నడక వేరు. మన ఇంటిపేర్లలో చాలావరకు ఊళ్ల పేర్ల నుంచి వచ్చాయి. ఊరి పేరు ఇంటిపేరైనప్పుడు చాలాచోట్ల దాని రూపం మారుతుంది. కందుకూరు కందుకూరి అవుతుంది, టంగుటూరు టంగుటూరి, కొండవీడు కొండవీటి. ఇల్లు ఇంటి కావడం, ఏరు ఏటి కావడం కూడా ఇలాంటివే. వ్యాకరణంలో వీటిని ఔపవిభక్తికాలు అంటారు. ఈ రూపం తర్వాత మరో మాట వచ్చి తీరాలి. ‘ఊరి చెరువు’ అంటాం గాని ‘చెరువు ఊరి’ అనం. అందుకే ‘కందుకూరి వీరేశలింగం’ నిండుగా వినిపిస్తుంది, ‘వీరేశలింగం కందుకూరి’ మధ్యలో తెగిపోయినట్టుంటుంది. పూర్వీకుల పేర్ల నుంచి, వృత్తుల నుంచి వచ్చిన ఇంటిపేర్లకు ఈ గుర్తు ఉండకపోవచ్చు గాని వాటి స్థానం మాత్రం ముందే. ఆదిలాబాద్ గోండుల్లోనూ అంతే. కొమురం భీం పేరులో కొమురం ఇంటిపేరు.

ఇక రావు సంగతి. పాములపర్తి వెంకట నరసింహారావు ప్రధానిగా ఉన్నప్పుడు విదేశీ పత్రికలు ఆయన్ని ‘మిస్టర్ రావు’ అని రాసేవి. ఆయన ఇంటిపేరు పాములపర్తి. రావు అనేది పేరుకు చేరిన గౌరవపదం. తండ్రి రావు, కొడుకు ప్రసాద్, కూతురు కుమారి అయిన ఇళ్లు మనకు కొల్లలు. ఆ ముగ్గురూ ఒక ఇంటివాళ్లని చెప్పేది ఇంటిపేరొక్కటే. రెడ్డి, నాయుడు, చౌదరి తరతరాలూ కొనసాగవచ్చు గాని అవీ ఇంటిపేర్లు కావు. నీలం సంజీవరెడ్డి ఇంటిపేరు నీలం. అయితే ఒక మనిషి కాగితాలన్నిటిలో ఇప్పటికే రెడ్డి సర్‌నేమ్‌గా స్థిరపడి ఉంటే, భాష కోసం దాన్ని కదిలించమని నేను చెప్పను. ఒక కాగితం మారిస్తే మిగతావన్నీ మార్చాల్సి వస్తుంది, ఆ టెన్షన్ ఎవరికీ వద్దు. కొత్తగా రాసేటప్పుడే సరిగ్గా రాయించండి.

సర్‌నేమ్ గడిలో రాస్తే ఇంటిపేరు పేరుకు వెనక్కి పోతుందని బాధపడేవాళ్లకు పాస్‌పోర్టు అడుగున యంత్రం చదివే రెండు వరుసలు చూపించండి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రమాణం ప్రకారం ఒక్కో వరుసలో 44 స్థానాలు. మొదటి వరుసలో పేరుకు దక్కేవి 39. అందులో ముందు సర్‌నేమ్, ఆ తర్వాత రెండు బాణపు గుర్తులు (<<), ఆ పైన పేరు. మనం తెలుగులో చెప్పుకునే వరుసే అది!

గడి ఖాళీగా వదిలితే ఇబ్బంది ఊరు దాటాక మొదలవుతుంది. పాస్‌పోర్టులో ఒకే మాట పేరున్నవాళ్లను సందర్శక వీసాపై రానివ్వబోమని 2022 నవంబరులో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ ప్రకటించింది. లోపలి పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే సరేనని తర్వాత సడలించింది. కరీంనగర్, నిజామాబాద్, కోనసీమల నుంచి గల్ఫ్‌కు వెళ్లేవాళ్లు ఎందరో మీకు తెలుసు. అమెరికా వీసాల్లో ఒంటి పేరును సర్‌నేమ్‌గా తీసుకుని, అసలు పేరు ఉండాల్సిన చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని వేస్తారు. పేరు తెలియదని దానర్థం. తల్లిదండ్రులు ముచ్చటపడి పెట్టుకున్న పేరుకు ఆ గతి పట్టకూడదు.

పొడి అక్షరాల దగ్గర ఒక జాగ్రత్త అవసరం. తెలుగువాళ్లలో మొదటి పొడి అక్షరం సాధారణంగా ఇంటిపేరుది. తమిళుల్లో అది ఎక్కువగా తండ్రి పేరుది, కొన్నిసార్లు ఊరిది. అక్కడ ఇంటిపేరనేదే లేని కుటుంబాలు అసంఖ్యాకం. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి కనుక అక్షరాన్ని మీరు ఊహించి విప్పకండి, దరఖాస్తుదారునే అడగండి. మన ముస్లిం కుటుంబాల్లో షేక్, సయ్యద్, మహమ్మద్ తరచు ముందు వచ్చి, కాగితాల్లో ఇంటిపేరు స్థానంలో ఉంటాయి. అక్కడా అడిగి రాయడమే మేలు.

పెళ్లయిన ఆడవాళ్ల విషయం. ‘ఆమె ఇంటిపేరు మారింది’ అంటే పెళ్లయిందని అర్థం చేసుకునే సమాజం మనది. కాని అది ఆచారం. 1955 హిందూ వివాహ చట్టంలో భార్య ఇంటిపేరు మార్చుకోవాలని ఎక్కడా లేదు. పుట్టింటి ఇంటిపేరే ఉంచుకుంటానంటే అది ఆమె హక్కు. భర్త పేరు రాయడానికి ఫారంలో వేరే గడి ఉంది. మెట్టినింటి పేరు కావాలంటే వివాహ ధ్రువపత్రం ఉంటే పని సులువవుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లోనే పెళ్లిళ్ల నమోదును తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. ‘పెళ్లయింది కదమ్మా, ఇంటిపేరు మార్చలేదేం?’ అని కౌంటరు దగ్గర ఎవరూ అనకూడదు.

దత్తతలోనూ ఇంటిపేరు మారుతుంది. శ్రీశ్రీ పుట్టింది పూడిపెద్ది వారింట, దత్తత వెళ్లి శ్రీరంగం శ్రీనివాసరావు అయ్యాడు. చలం కొమ్మూరి వారింట పుట్టి గుడిపాటి వెంకటచలం అయ్యాడు. తండ్రి చనిపోయాక తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంటే బిడ్డకు ఏ ఇంటిపేరు? ఈ తగవు మన తెలుగు కుటుంబంలోనే పుట్టి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. బిడ్డకు సహజ సంరక్షకురాలైన తల్లే ఇంటిపేరు నిర్ణయించవచ్చని 2022 జులైలో తీర్పు వచ్చింది. కాగితాల్లో కొత్త భర్తను ‘సవతి తండ్రి’ అని రాయమన్న హైకోర్టు ఆదేశాన్ని ఆ తీర్పు తప్పుపట్టింది. అలా రాస్తే బిడ్డ మనసు ఎంత నొచ్చుకుంటుందో గుర్తించిన తీర్పు అది. నాకెంతో నచ్చింది.

చివరగా, వచ్చేవాళ్లకు మీరు చెప్పగలిగిన మాట ఒకటుంది. 2023 అక్టోబరు 1న గాని ఆ తర్వాత గాని పుట్టిన పిల్లలకు పాస్‌పోర్టు కోసం పుట్టిన తేదీ రుజువు జనన ధ్రువపత్రం ఒక్కటే. బారసాలకు ముందే నమోదు చేయిస్తే అందులో పేరు ఉండదు. 1969 జనన మరణాల నమోదు చట్టం ప్రకారం ఏడాదిలోపు పేరును రుసుము లేకుండా చేర్పించుకోవచ్చు, ఆ తర్వాత 15 ఏళ్ల దాకా రుసుముతో. చేర్పించేటప్పుడు ఇంటిపేరు పొడి అక్షరంగా కాక పూర్తిగా ఉండాలి. ఇంగ్లిషు స్పెల్లింగు కూడా అప్పుడే తేల్చుకోవాలి. లక్ష్మిలోని ‘క్ష’ను ఒకచోట ‘ఎక్స్’తో, మరోచోట ‘కే, ఎస్, హెచ్’తో రాసినందుకు అఫిడవిట్ల చుట్టూ తిరిగే తల్లులను మీరు రోజూ చూస్తూనే ఉంటారు.