కమాను పట్టా మచ్చు: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన సంచికలో సర్కారు తుమ్మ (కంప చెట్టు) గురించి రాస్తూ, మా ఇంట్లో ఉన్న మచ్చు, అంటే కంప కొట్టే కత్తి సంగతి ఒక్క వాక్యంలో చెప్పాను. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలా మటుకు ఆ ఒక్క వాక్యం గురించే! ‘మా ఇంట్లో కూడా ఉంది అక్కా’ అని మొదలుపెట్టి, దాన్ని ఏ ఊరి కొలిమిలో చేయించారో, పిడి ఏ చెట్టుదో, ఎవరికి అరువిస్తే ఎంత కాలానికి తిరిగొచ్చిందో రాశారు. చదువుతుంటే ఎంత సంతోషమైందో చెప్పలేను. అందుకే ఈ సంచికలో పేజీ అంతా దీనికే ఇస్తున్నాను.

మచ్చు చూడని వాళ్ల కోసం రెండు మాటలు. మూరెడు పొడవుండే దళసరి కత్తి అది. బరువంతా ముందు వైపు ఉంటుంది, కొన కొంచెం లోపలికి వంగి ఉంటుంది. కొన్ని ఊళ్లలో మచ్చుకత్తి అంటారు, కొన్ని చోట్ల ఉత్త కత్తి అనే అంటారు.

*అక్కా, మా నాయన పోయాక ఆయన మచ్చు అటక మీదే పడి ఉంది. తుప్పు పట్టింది, పిడి ఊగుతోంది. చేను గట్ల మీద కంప చెట్లు పెరిగిపోయాయి. బ్రష్ కట్టర్ కొందాం, ఆ పాత ఇనుము సామాన్ల బండికి వేసేయమని మా అబ్బాయి అంటున్నాడు. ఏం చేయమంటారు? – ఒక రైతు, కమలాపురం మండలం*

అన్నా, ముందు ఆ మచ్చు అటక మీద నుంచి దించండి. సామాన్ల బండికి మాత్రం వేయొద్దు. వేస్తే కిలో ఇనుము ధర వస్తుంది, అలాంటిది మళ్లీ చేయించాలంటే చేసే కొలిమి ఎక్కడుందా అని వెతుక్కోవాలి.

మీ అబ్బాయి చెప్పిందీ తప్పు కాదు. గడ్డి, వయ్యారిభామ, చిటికెన వేలంత కాండం ఉన్న పొదలు కోయడానికి బ్రష్ కట్టర్ మంచిదే. గడ్డికి నైలాన్ తాడు, పొదలకు ఇనుప బ్లేడు వేసుకోవచ్చు. కానీ కంప చెట్టు మొదలు మణికట్టంత లావుంటే సంగతి వేరు. తిరిగే బ్లేడు ముందు అంచు గట్టి కాండానికి తగిలితే మిషన్ ఒక్కసారిగా పక్కకు విసురుతుంది, రాళ్లు ఎగిరొస్తాయి. పైగా ఆ మొదలు దాకా వెళ్లాలంటే ముందు ముళ్ల కొమ్మలు తప్పించుకోవాలి కదా, అక్కడ మిషన్ పట్టుకుని దూరే సందు ఉండదు.

కంప కొట్టే పద్ధతి మీ నాయన చేస్తుంటే చూసే ఉంటారు. ఎడమ చేతిలో పంగల కర్ర, కుడి చేతిలో మచ్చు. పంగతో కొమ్మను అవతలికి నెట్టి వంచాలి. వంగిన కొమ్మలో పై నారంతా బిగుసుకుని ఉంటుంది కాబట్టి, ఆ వంపు మీద ఏటవాలుగా ఒక్క దెబ్బ వేస్తే తెగుతుంది. నిటారుగా నిలబడ్డ కొమ్మను అదే చోట నాలుగు దెబ్బలు కొట్టినా మచ్చు ఎగిరిపడుతుంది తప్ప కొమ్మ తెగదు. తెగిన కొమ్మను అదే పంగతో ఎత్తి పక్కకు వేయొచ్చు, చేతికి ముల్లు తగలదు. మొదలుపెట్టే ముందు పొద చుట్టూ కర్రతో తట్టి కాసేపు ఆగండి. మన వైపు కంప అడుగున పింజరి పాము ఉండటం మామూలే.

మీరు కమలాపురం అన్నారు కాబట్టి ఒక సంగతి చెప్పకుండా ఉండలేకపోతున్నాను. మెట్ట ప్రాంతాల్లో వంటచెరకు కోసం ఈ చెట్టు విత్తనాలు తెప్పించమని 1876లో మద్రాసు అటవీ అధికారి బెడ్డోమ్ ప్రభుత్వానికి రాశారు. జమైకా నుంచి వచ్చిన విత్తనాలతో ఆ తర్వాత మొక్కలు నాటిన తొలి చోట్లలో మీ కమలాపురం ఒకటి. ఇవాళ మీ గట్టు మీద ఉన్న కంపకు ఆ వంశమే మూలం కావచ్చు. వంటచెరకుకు, బొగ్గుకు ఆ చెట్టు ఎన్నో ఇళ్లను నిలబెట్టింది. ఆ సంగతి నేను మర్చిపోను. కానీ చేలోకి వస్తే మాత్రం ఉండనివ్వకూడదు.

మచ్చుతో కొట్టి వదిలేస్తే పని అయిపోయిందనుకోవద్దు. సర్కారు తుమ్మకు నేల లోపల, వేరు మొదలయ్యే చోట, నిద్రపోయే మొగ్గలు ఉంటాయి. పైన నరికితే అవి లేచి ఒక కాండం ఉన్న చోట గుత్తిగా నాలుగైదు వస్తాయి. కాబట్టి మచ్చుతో పైది తీసేశాక గడ్డపారతో జానెడు లోతు తవ్వి, ఆ గడ్డ భాగం మొత్తం పెకలించాలి. వాన పడి నేల మెత్తబడ్డాక చేస్తే సగం శ్రమ తగ్గుతుంది. వెంటనే తవ్వే తీరిక లేకపోతే మోడును నేలకు సమంగా కొట్టండి. ఏటవాలు మోడు చెప్పులోంచి కాలికి దిగుతుంది, ట్రాక్టర్ టైరునూ వదలదు.

ఇక తుప్పు సంగతి. కిరసనాయిలు దొరికితే అందులో, లేకపోతే డీజిల్‌లో ఒక రాత్రి నానబెట్టి, ఇటుక పొడి వేసి గోనె గుడ్డతో రుద్దండి. నల్లటి మచ్చలు మిగిలితే మిగలనివ్వండి, వాటితో పనికి అడ్డం లేదు. వాదర, అంటే పదును అంచు మాత్రం ఆకురాయితో మీరే తీసుకోండి. కరెంటు సానరాయి దగ్గరికి తీసుకెళ్తే పక్కనే నిలబడి చూడండి. వాదర నీలం రంగుకు తిరిగిందంటే వేడికి పాను (కాల్చి ముంచి తెచ్చిన గట్టిదనం) పోయినట్టే, ఆ భాగం ఇక పదును నిలుపుకోదు. మాటిమాటికీ నీళ్లలో ముంచమనండి.

*మచ్చు చేయించాలంటే లారీ కింద బరువు మోసే కమాను పట్టాతోనే చేయించాలని పెద్దవాళ్లు అంటారు. నిజంగా తేడా ఉంటుందా, లేక పాత నమ్మకమా? సంతలో కొన్నది ఒక్క సీజన్‌కే వాదర మడతపడింది. – డిగ్రీ విద్యార్థి, మదనపల్లె*

తేడా ఉంటుంది తమ్ముడూ, చాలా ఉంటుంది. నమ్మకం కాదు, లోహమే వేరు. గేట్లకూ గ్రిల్స్‌కూ వాడే మామూలు ఇనుములో కార్బన్ చాలా తక్కువ, 0.2 శాతం దగ్గర ఉంటుంది. దాన్ని ఎంత ఎర్రగా కాల్చి ముంచినా కత్తికి కావలసినంత గట్టిపడదు. లారీ కమాను పట్టాల ఉక్కులో కార్బన్ అర శాతం పైన ఉంటుంది, దానికి తోడు సిలికానో, క్రోమియమో, మాంగనీసో కలిపి ఉంటాయి. టన్నుల బరువు మోస్తూ గుంతల్లో వంగి మళ్లీ నిలబడటానికే తయారైన ఉక్కు అది. దెబ్బ తట్టుకోవాలి, విరగకూడదు, పదును నిలవాలి. మచ్చుకు కావలసినవీ అవే.

కానీ ఉక్కు ఒక్కటే చాలదు, పాను పెట్టే చెయ్యి ఉండాలి. మా నాయన మచ్చు చేసిన కమ్మరి పెద్దాయన ఎలా చేసేవాడో చిన్నప్పుడు కొలిమి దగ్గర కూర్చుని చూశాను. సమ్మెటతో సాగదీసి, సుత్తెతో వాదర తీసి, ఆఖరున మళ్లీ కాల్చేవాడు. అయస్కాంతం అంటని వేడి దాకా తేవాలి, అంతకన్నా మరీ ఎక్కువైతే ఉక్కు గుల్లబారుతుంది. ఆ ఎరుపును సరిగా గుర్తు పట్టాలని మిట్టమధ్యాహ్నం ఆ పని చేసేవాడు కాదు, పొద్దు వాలాకే. వాదర వైపు మాత్రమే నూనెలో ముంచేవాడు, వీపు వైపు మెత్తగా ఉండాలని. నీళ్లలో ముంచితే ఈ ఉక్కు సన్నటి వాదర దగ్గర చీలే ప్రమాదం ఉంది. ముంచి తీసింది గాజులాగా పెళుసుగా ఉంటుంది కాబట్టి ఒక పక్క రుద్ది మెరుగు తెచ్చి, మళ్లీ సన్న సెగ మీద పెట్టేవాడు. రంగు గడ్డి పసుపు నుంచి గోధుమకు, అక్కడి నుంచి ఊదాకు తిరిగేది. మచ్చుకైతే ఊదా దాటి నీలం కనిపించబోయేటప్పుడు ఆపాలి. ఇంకా ముందే ఆపితే ముడి మీద పడగానే వాదర పెచ్చు లేస్తుంది. మరీ ఆలస్యమైతే, మీ సంత మచ్చులాగా మడత పడుతుంది.

థర్మామీటర్ లేకుండా, కంటితో చేసే పని ఇది. కళ్లంలో ధాన్యం కొలిచినప్పుడు కమ్మరికి మేర ఇచ్చే రోజుల్లో, ఏడాది పొడవునా పనిముట్లు బాగుచేసే బాధ్యత ఆయనదే. మచ్చు చెడితే తెల్లారేసరికి ఇంటి ముందుకు వెళ్లి అడగొచ్చు. ఆ జవాబుదారీ వల్లే ఆ పనితనం వచ్చిందని నేను గట్టిగా నమ్ముతాను. సంతలో అమ్మేవాడు మళ్లీ మన మొహం చూడడు కదా.

కొనేటప్పుడు ఒక పరీక్ష. చిన్న ఆకురాయి జేబులో పెట్టుకెళ్లండి. వాదర మీద మెల్లగా గీయండి. జారితే పాను ఉన్నట్టు, వెన్నలోకి దిగినట్టు పట్టిందంటే వదిలేయండి. మీరే పట్టా ఇచ్చి చేయించుకునేటట్టయితే, విరిగి పారేసిన కమాను ముక్క కాకుండా బాగున్నది చూసుకోండి. విరిగినదాంట్లో కంటికి కనపడని పగుళ్లు ఉంటాయి, అవి మచ్చులోకీ వస్తాయి.

*మేడమ్, మా ఆయన హైదరాబాద్‌లో పని చేస్తారు. చేను, మామిడి తోట నేనే చూసుకుంటాను. మామ గారి మచ్చు ఎత్తి రెండు దెబ్బలు కొట్టేసరికి చెయ్యి పడిపోతోంది. మగవాళ్ల పనిముట్టని వదిలేయాలా? – గృహిణి, రాయచోటి దగ్గర*

వదిలేయొద్దమ్మా! మచ్చుకు మగా ఆడా లేదు. మీ మామగారు తన చేతికి తగ్గట్టు చేయించుకున్నారు, మీరు మీ చేతికి తగ్గట్టు చేయించుకోండి. నేను వాడేది ముప్పావు కిలో లోపే. మా నాయన మచ్చు దానికి దాదాపు రెట్టింపు, అది మా తమ్ముడి దగ్గర ఉంది.

బరువు కన్నా ముందు పిడి చూసుకోండి. చాలామందికి చెయ్యి నొప్పి పుట్టేది పిడి వల్లే. గుండ్రటి పిడి చేతిలో తిరుగుతుంది, తిరగకుండా ఉండాలని మనం గట్టిగా పట్టుకుంటాం, దాంతో మణికట్టు లాగేస్తుంది. కోడిగుడ్డు ఆకారంలో, చివర కొంచెం లావుగా చెక్కిస్తే వదులుగా పట్టుకున్నా జారదు. బొటనవేలు, మధ్యవేలు కలుసుకునేంత లావు చాలు. కర్ర నల్లతుమ్మ చేవది అయితే మేలు, ఎండలో కాకుండా నీడన ఆరినది. పచ్చి కర్ర వేస్తే రెండు నెలల్లో ఊగుతుంది. కత్తి తోకను కాల్చి పిడిలోకి దించి, సందులో లక్క పోయించండి. పిడి మొదట్లో ఇనుప పొన్ను (కట్టు) తొడిగించడం మర్చిపోవద్దు, పిడి చీలకుండా కాపాడేది అదే.

దెబ్బ వేసేటప్పుడు భుజం నుంచి ఎత్తి, బరువును దానంతట దిగనివ్వండి. తోయాల్సిన పని లేదు. కాళ్లు ఎడంగా పెట్టండి, దెబ్బ తప్పితే మచ్చు ఎక్కడికి వస్తుందో అక్కడ కాలు ఉండకూడదు. చీర కుచ్చిళ్లు ఎగదోపడం కన్నా మీ ఆయన పాత ప్యాంటు, ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకోవడం నయం. కళ్లకు అద్దాలు పెట్టుకోండి. తుమ్మ ముల్లు లోపల విరిగితే సూదితో కెలికి వదిలేయకుండా డాక్టర్‌కి చూపించి, టీటీ వేయించుకోవాలో అడగండి.

*ప్రశ్న ఏమీ లేదు. మా కొబ్బరి తోటలో నలభై ఏళ్లుగా ఒకటే కత్తి. మట్టలు నరికినా, బొండాలు కొట్టినా అదే. దాని గురించి ఎవరికైనా చెప్పాలనిపించింది, చెప్పాను. – కొబ్బరి రైతు, అమలాపురం*

చెప్పినందుకు చాలా థాంక్స్ బాబాయ్ గారూ. మీ గాలిలో ఉప్పు ఎక్కువ కాబట్టి ఒక్క మాట: పని అయ్యాక తుడిచి ఆముదం రాయండి. ఆముదం ఆరిపోయి జిగురు కట్టదు, చాలా రోజులు అంటుకుని ఉంటుంది. తోలు ఒరలో మాత్రం వర్షాకాలం ఉంచొద్దు, తోలు తేమను పీల్చి కత్తికే పట్టిస్తుంది.

*అక్కా, మేం టెక్సాస్‌లో ఊరి బయట కొంచెం స్థలం తీసుకున్నాం. అంతా మెస్కీట్ చెట్లు. చూస్తే అచ్చం మన కంప చెట్టే! స్టోర్‌లో కొన్న మషెటి కత్తితో కొడితే అది వంగి తిరిగొస్తోంది. ఇండియా నుంచి మచ్చు తెప్పించుకోవాలా? – సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డాలస్ దగ్గర*

మీ కన్ను మోసపోలేదు తమ్ముడూ. మీ మెస్కీట్, మన సర్కారు తుమ్మ ఒకే ప్రజాతి, దాయాదులు. మీకు అది సొంత గడ్డ మీద పుట్టిన చెట్టు, మనకు ఓడలో వచ్చిన చెట్టు, అదే తేడా. అక్కడా నరికితే వేరు మొదలు నుంచి గుత్తిగా లేస్తుంది, కాబట్టి పైన కమలాపురం అన్నకు చెప్పిన తవ్వకం మీకూ తప్పదు.

మషెటి చెడ్డది కాదు. పచ్చి గడ్డి, చెరకు, లేత తీగలు కొట్టడానికి పల్చగా, పొడవుగా, తేలిగ్గా చేస్తారు. ఎండిన గట్టి కర్ర మీద అది వంగక ఏం చేస్తుంది? తెప్పించే ఖర్చు పెట్టొద్దు. అక్కడ బిల్‌హుక్ అని అమ్ముతారు, కొన లోపలికి వంగి దళసరిగా ఉంటుంది, మన మచ్చుకు చాలా దగ్గర. అందులో కార్బన్ స్టీల్‌ది తీసుకోండి. తుప్పు పడుతుందని భయపడొద్దు, తుడిచి నూనె రాసే అలవాటు ఉంటే చాలు. కొమ్మ వంచడానికి పంగల కర్ర ఏ స్టోర్‌లోనూ దొరకదు కాబట్టి, మొదటి మెస్కీట్ కొట్టినప్పుడే మంచి పంగ ఒకటి చూసి చెక్కుకోండి. కొట్టిన కర్రలు తగలబెట్టేయకండి. మీ పక్కింటి వాళ్లు బార్బెక్యూకి అడిగి మరీ తీసుకెళ్తారు.