రేడియో అయోడిన్‌కు ముందు థైరోగ్లోబులిన్ మళ్లీ ఎందుకు చేయించాలి?

మీ అమ్మగారికి థైరాయిడ్ క్యాన్సర్ ఆపరేషన్‌కు ముందే థైరోగ్లోబులిన్ టెస్ట్ అయింది కదా, ఇప్పుడు రేడియో అయోడిన్‌కు (మిగిలిన థైరాయిడ్ కణాలను చంపే డోసుకు) ముందు మళ్లీ రాశారు, డబ్బు దండగ కాదా అని అడిగారు. దండగ కాదండీ. పాత రిపోర్టే ఇప్పుడు పనికిరాదు. థైరోగ్లోబులిన్ అనే ప్రోటీన్‌ను తయారుచేసేవి థైరాయిడ్ కణాలే. అప్పుడు గ్రంథి మొత్తం ఉంది. అది తీసేశాక వచ్చే అంకెను బట్టే లోపల ఇంకా ఏమైనా మిగిలిందా అన్నది అంచనా వేస్తారు.

నాదీ పాపిల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సరే. మాది ప్రొద్దుటూరు, వైద్యం వేలూరులో. గ్రంథి లేని లోటు తీర్చే థైరాక్సిన్ మాత్ర మూడు నాలుగు వారాలు ఆపించారు. మాత్ర ఆపితే టీఎస్‌హెచ్ (థైరాయిడ్ కణాలను పనిచేయించే హార్మోన్) పెరుగుతుంది. అది 30 దాటితే మిగిలిన కణాలు అయోడిన్‌ను బాగా లాక్కుంటాయి, థైరోగ్లోబులిన్ కూడా బయటపడుతుంది. ఆ వారాలు మాత్రం చుక్కలు కనిపించాయి. మే నెల ఎండల్లో దుప్పటి కప్పుకొని కూర్చున్నాను. మొహం ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది. మాత్ర ఆపకుండా టీఎస్‌హెచ్ పెంచే ఇంజెక్షన్ కూడా ఉంది గానీ, రేటు విన్నాక మా ఆయన మళ్లీ ఆ మాటెత్తలేదు. అయోడిన్ కలపని ఉప్పు వాడుతూ, పాలు, పెరుగు, గుడ్లు, చేపలు మానేసి, సంగటి, ఊరుబిండితోనే నెట్టుకొచ్చాను.

రిపోర్టులో థైరోగ్లోబులిన్ 1 కంటే తక్కువే వచ్చింది. ఇంట్లో అందరూ సంబరపడ్డారు. డాక్టరమ్మ మాత్రం కింది లైను మీద పెన్ను పెట్టింది. యాంటీ థైరోగ్లోబులిన్ యాంటీబాడీలు, అంటే థైరోగ్లోబులిన్‌కు అతుక్కునేలా మన ఒంట్లోనే తయారయ్యే ప్రోటీన్లు, ఎక్కువ ఉన్నాయి. అవి ఉంటే మామూలుగా వాడే పద్ధతిలో థైరోగ్లోబులిన్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. ఈ జబ్బు ఉన్న నలుగురైదుగురిలో ఒకరికి ఇవి ఉంటాయట. అలాంటప్పుడు ఆ చిన్న అంకెను నమ్ముకోరు, యాంటీబాడీలు పోనుపోను తగ్గుతున్నాయా లేదా అన్నది చూస్తారు. నాకు ఇప్పటికీ అదే చూస్తున్నారు. అందుకే టీఎస్‌హెచ్, థైరోగ్లోబులిన్, యాంటీబాడీ మూడూ ఒకే శాంపిల్‌లో చేయించండి. ఒక్కటి తగ్గించి చేయిస్తే మిగతా రెంటికీ అర్థం సరిగా తెలియదు.

రక్తం డోసుకు ముందే ఇవ్వాలి. డోసు పడ్డాక కణాలు చచ్చేకొద్దీ థైరోగ్లోబులిన్ రక్తంలోకి వస్తుంది, అంకె పెరిగి లేనిపోని టెన్షన్. జుట్టు రాలుతోందని అమ్మగారు బయోటిన్ అనే విటమిన్ మాత్రలు వాడుతుంటే ఆ సంగతి ముందే చెప్పండి, కొన్ని మెషీన్లలో దానివల్ల లెక్క తారుమారవుతుంది. కనీసం రెండు రోజుల ముందు ఆపమంటారు. తర్వాత కూడా ల్యాబ్ మార్చకండి, ఒక ల్యాబ్ అంకెను ఇంకో ల్యాబ్ అంకెతో పోల్చలేం. ఈమధ్య కాంట్రాస్ట్ సీటీ (మందు ఎక్కించి తీసే స్కాన్) తీసి ఉంటే ఆ కాగితం కూడా పట్టుకెళ్లండి. ఆ మందులో అయోడిన్ ఉంటుంది, డోసు వాయిదా వేయాల్సి రావచ్చు.