రామప్ప గుడిలో రామప్పను ఎక్కడ వెతకాలి?

రామప్ప గుడి ఉన్న పాలంపేట వెళ్లినప్పుడు శిల్పి రామప్పను స్మరించుకోవాలంటే ఏం చూడాలి, ఆయన గురించి ఆధారాలేమైనా ఉన్నాయా అని అడిగారు.

ముందు ఆధారాల మాట. ఆలయ ప్రాంగణంలోని శాసనం క్రీ.శ. 1213 నాటిది. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు ఈ గుడిని కట్టించాడని అది చెబుతుంది కానీ, రామప్ప పేరు అందులో లేదు. ఆ పేరును నిలిపింది జనశ్రుతే. నలభై ఏళ్లు ఉలి పట్టాడన్న మాటను కూడా కథగానే వినండి. అయితే 2021లో యునెస్కో ఈ ఆలయాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు, గుడిలోని దేవుడు రుద్రేశ్వరుడి పేరు పక్కన రామప్ప పేరు కూడా ఆ జాబితాకెక్కింది. కట్టించినవాడి పేరు కంటే కట్టినవాడిదని నమ్మే పేరే వాడుకలో గెలవడం మన దగ్గర అరుదు.

మొదటిసారి వెళ్లినప్పుడు నేను అందరిలాగే నీటిలో తేలే ఇటుకల గురించే అడిగాను. అవి పైన విమానంలో, అంటే గర్భగుడి మీది శిఖరంలో ఉన్నాయి, కింద నిలబడి చూస్తే ఏమీ తెలియదు. వాటి అవసరమేమిటో రెండోసారి వెళ్లినప్పుడు గానీ నాకు బోధపడలేదు. పునాది గోతిని ఇసుకతో నింపి దానిమీద ఇంత రాతికట్టడాన్ని లేపినవాడు, గర్భగుడి నెత్తిన బరువు తగ్గించడానికే ఆ తేలిక ఇటుకను ఎంచుకున్నాడు. మంటపంలో వట్టికాళ్లతో నడిస్తే నేల ఎగుడుదిగుడుగా కుంగిన సంగతి అరికాలికే తెలుస్తుంది. దూలాలు కొన్ని బీటలు వారినా, ఎనిమిది వందల ఏళ్లు దాటిన ఆ కట్టడం ఇంకా నిలిచే ఉంది.

ఇక చేతిపని విషయానికి వస్తే, చూరు కింద ఏటవాలుగా నిలిచిన నల్లరాతి మదనికలను, అంటే స్త్రీ శిల్పాలను, తీరిగ్గా చూడండి. వాటిలో ఒకామె ఎత్తుమడమల చెప్పులు తొడుక్కుని ఉంటుంది. లోపల ఒక శిల్పంలో నగకూ ఒంటికీ మధ్య తొలిచిన సన్నని బెజ్జంలోకి మా గైడు చీపురుపుల్ల దూర్చి అవతలివైపు నుంచి తీసి చూపించాడు. డోలరైట్ వంటి గట్టిరాతిలో అంత సన్నగా తొలిచారంటే, నాకు ఆ పుల్ల మొన దగ్గరే రామప్ప కనిపించాడు.

వెళ్లేటప్పుడు చిన్న టార్చిలైటు పట్టుకెళ్లండి. మంటపం కప్పు మీది చెక్కడాలు పగటిపూట కూడా చీకట్లోనే ఉంటాయి.