టేపు ఎక్కడ పెట్టాలి?

చిరంజీవి అమ్మడికి, పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

మీ మున్సిపాలిటీకి కొత్త మాస్టర్ ప్లాన్ తయారవుతోందనీ, జోనింగ్ నిబంధనల్లో (ఏ ప్రాంతంలో ఏం కట్టొచ్చో చెప్పేవి) నిర్వచనాల భాగం నీ నెత్తిన పడిందనీ మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ‘పాత జీఓలోంచి దించేస్తే గంటలో పని’ అన్నారట మీ ఆఫీసులో. కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను. తర్వాత సర్వీసులో ఉన్నన్నాళ్ళూ కోర్టుకి ఫైళ్ళు మోసుకెళ్ళినప్పుడు చూశాను కదా, గొడవ ఎత్తు మీదా కాదు, స్థలం మీదా కాదు, చాలాసార్లు ఒక్క మాట మీద. అందుకే ఫోన్‌లో కాకుండా రాసి పంపుతున్నాను.

ముందు నా తెలివితక్కువ పని ఒకటి చెబుతా. చేరిన మొదటి ఏడాది, ఒక చిన్న ఊళ్ళో ఇళ్ళ ప్లాన్లు మంజూరు చేస్తూ ఇంగ్లీషు షరతులకి తెలుగు నేనే రాసేవాణ్ణి. అందులో ఒకటి, ‘ఈ స్థలంలో బేస్‌మెంట్‌కి అనుమతి లేదు’ అని. వారం తిరగకుండా ఒక రిటైర్డ్ మాస్టారు గొడుగు చంకన పెట్టుకుని వచ్చారు. మంజూరు కాగితం జాగ్రత్తగా మడత విప్పి నా టేబుల్ మీద పెట్టి, ‘బాబూ, ఇల్లు కట్టుకోమన్నారు, బేస్‌మెంట్ వద్దన్నారు. గోడలు గాల్లోంచి లేపమంటారా?’ అని అడిగారు. మేస్త్రీ అప్పటికి నాలుగు రోజులుగా పని ఆపేశాడట.

నాకు వెంటనే అర్థం కాలేదు. మా ప్లాన్లలో బేస్‌మెంట్ అంటే నేల కింద అంతస్తు. జాతీయ భవన నిర్మాణ కోడ్‌లోనూ అదే అర్థం. కానీ మన మేస్త్రీకి బేస్‌మెంట్ అంటే పునాది మీద, గచ్చు మట్టం దాకా లేపే కట్టుబడి. సర్కారు ఇళ్ళ బిల్లులు కూడా అలాగే వస్తాయి కదా, బేస్‌మెంట్ లెవెల్‌కి ఒక బిల్లు, రూఫ్ లెవెల్‌కి ఒక బిల్లు. ఊరంతా ఒక అర్థంలో వాడే మాటని నేను ఇంకో అర్థంలో వాడి, ఆయన్నే తెలివితక్కువవాడిగా చూశాను. నువ్వు నేల కింద అంతస్తుకి ‘సెల్లార్’ అనే రాయి, ఆ మాట జనానికి తెలుసు. దాని కిందే ఇంకో వాక్యం, ‘పునాదికీ గచ్చుకీ మధ్య కట్టుబడి సెల్లార్ కిందికి రాదు’ అని. ఏది వస్తుందో చెప్పడంతో పని సగమే అవుతుంది. జనం పొరబడే చోట ఏది రాదో కూడా చెప్పాలి.

ఇక ఏ మాటలకి నిర్వచనం రాయాలి? ఆ జాబితా పాత జీఓలోంచి తీయకు, మీ రికార్డు రూములోంచి తీయి. గత పదేళ్ళ గ్రీవెన్స్ అర్జీలు, పక్కింటివాళ్ళ ఫిర్యాదులు, కోర్టు కేసులు ముందేసుకుని, ఎక్కడెక్కడ ‘అది దీని కిందికి రాదండీ’ అని వాదించారో ఆ మాటలన్నీ రాసుకో. నలభై దాకా తేలతాయి. గోడకి, తలుపుకి, కిటికీకి నిర్వచనం అక్కర్లేదు. నిర్వచనం లేని మాటకి కోర్టు మామూలు అర్థమే తీసుకుంటుంది. అక్కర్లేని చోట నువ్వు వేలుపెడితే లేని అనుమానం పుట్టించినదానివవుతావు.

అన్నిటికన్నా ఎక్కువ తంటా తెచ్చేది ఎత్తు. ఉమ్మడి రాష్ట్రంలో 2012 ఏప్రిల్ 7న వచ్చిన 168 జీఓ గుర్తుందిగా, అందులో 18 మీటర్లు, ఆ పైన ఉంటే హైరైజ్, అంటే ఎత్తైన భవనం, అన్నారు. స్టిల్టుతో (కింద స్తంభాల మధ్య పార్కింగ్‌కి వదిలే అంతస్తు) కలిపి 18 లోపుంటే కాదన్నారు. 2016 జాతీయ కోడ్‌లో 15 మీటర్ల నుంచే హైరైజ్. ఒకే బిల్డింగు ఒక పుస్తకంలో మామూలుది, ఇంకో పుస్తకంలో హైరైజ్. నీ ముసాయిదాలో మూడో అంకె పుట్టించకు. రాష్ట్ర నిబంధనల్లో ఎప్పటికప్పుడు ఏ అర్థం అమల్లో ఉంటే ఇక్కడా అదే అని ఒక్క వాక్యం రాసి వదిలెయ్. వాళ్ళు రేపు మార్చినా నీది దానంతటదే మారుతుంది.

అంకె సంగతి అలా తేలినా, కొలత ఎక్కడ మొదలవుతుందన్నది మిగిలే ఉంటుంది. ఒక బిల్డరు పల్లపు స్థలం కొని మీటరు పైగా మెరక చేశాడు. ప్లాన్లో ఎత్తు మెరక చేసిన నేల నుంచి చూపించాడు. వెనకింటాయన తన పెరట్లో నిలబడి కొలిస్తే దాదాపు అర అంతస్తు ఎక్కువ వచ్చింది. మా నిబంధనలో ‘చుట్టూ ఆనుకున్న నేల సగటు మట్టం’ అని ఉంది. బిల్డరు ‘నా నేల ఇదే’ అంటాడు, ఆయన ‘నా నేల ఇది’ అంటాడు. ఇద్దరూ చదివింది ఒకే వాక్యం! ‘మెరక చేయక ముందున్న నేల’ అనో, ‘ఎదుటి రోడ్డు మధ్య గీత’ అనో నాలుగు మాటలు ముందే రాసి ఉంటే ఆ ఫైలు మూడేళ్ళు తిరిగేది కాదు. నేనైతే రోడ్డు మట్టానికే ఓటేస్తాను. అది వీధిలో అందరికీ కనబడుతుంది, రాత్రికి రాత్రి ఎవరూ మార్చలేరు (మన మున్సిపాలిటీలే పాత రోడ్డు తవ్వకుండా పొర మీద పొర వేసి పెంచేస్తాయనుకో, కాబట్టి ‘ప్లాను మంజూరైన నాటి మట్టం’ అని కూడా చేర్చు).

పైకొస కూడా అంతే. వాటర్ ట్యాంకు, లిఫ్టు మెషిన్ రూము, మెట్ల గది లెక్కలోకి రావని ఊరికే రాస్తే, మెట్ల గది నెమ్మదిగా పెరిగి, ఒక బాత్రూము వచ్చి, ఒక వంటగట్టు వచ్చి, ‘పెంట్‌హౌస్, టులెట్’ బోర్డు పడుతుంది. మెట్ల గది అంటే మెట్లనీ అవి ఆగే చోటునీ కప్పేంత గది, ఎవరూ కాపురముండేది కాదు అని తెగేసి రాయి.

సెట్‌బ్యాక్‌కి, అంటే హద్దుకీ కట్టడానికీ మధ్య వదిలే ఖాళీకి, కూడా అదే సూత్రం. హద్దు నుంచి ఎక్కడిదాకా? గోడ బయటి ముఖం దాకానా, బాల్కనీ అంచు దాకానా, సన్‌షేడ్ చివరి దాకానా? టేపు రెండు కొసలూ ఎక్కడ పెట్టాలో చెప్పు. మీ ఆఫీసులో కొలతలు తీసే చైన్‌మ్యాన్ కొలిచినా, ఇంటాయన కొలిచినా అదే అంకె రావాలి.

ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. ‘సెట్‌బ్యాక్ అంటే హద్దు నుంచి కనీసం మీటరున్నర వదిలిన ఖాళీ’ అని రాయబుద్ధవుతుంది. రాయకు. ఒకడు మీటరే వదిలి, అందులో రేకుల షెడ్డు వేస్తాడు. ‘సెట్‌బ్యాక్‌లో షెడ్డు వేయరాదు’ అన్న నిబంధన చూపిస్తే, ‘మీటరున్నర లేదు కాబట్టి మీ లెక్కలోనే ఇది సెట్‌బ్యాక్ కాదు సార్’ అంటాడు వాడి వకీలు. నవ్వొస్తుంది గానీ, జడ్జిగారి ముందు నవ్వు రాదు. ఎంత వదలాలన్న అంకె నిబంధనలో ఉండాలి. వదిలిన ఖాళీ పేరేమిటన్నదే నిర్వచనంలో ఉండాలి.

భూ వినియోగం మాటలకొచ్చేసరికి మనవాళ్ళు జాతీయ కోడ్ తెరిచి గ్రూపులన్నీ ఎత్తి రాసేస్తారు. ఆ కోడ్‌లో ఎ గ్రూపు ‘రెసిడెన్షియల్’. అందులో సొంతిళ్ళు, అపార్ట్‌మెంట్లతో పాటు హాస్టళ్ళు, లాడ్జీలు, హోటళ్ళు కూడా ఉన్నాయి. అది తప్పు కాదు. రాత్రిపూట మనుషులు నిద్రపోయే చోట మంటలు లేస్తే ఎలా బయటపడతారన్నది ఆ పుస్తకం ఆలోచన. లాడ్జీలో నిద్రా ఒకటే, ఇంట్లో నిద్రా ఒకటే. జోనింగ్ ఆలోచన వేరు, పక్కింటివాళ్ళకి ఏమవుతుందన్నది. ఆ మాట ఇక్కడికి తెచ్చి ‘రెసిడెన్షియల్ జోన్‌లో రెసిడెన్షియల్ భవనాలు కట్టవచ్చు’ అని రాశావంటే, నీకు తెలియకుండానే ఇళ్ళ మధ్య లాడ్జీకి దారి ఇచ్చినట్టే. ఎవరి నిర్వచనమైనా అరువు తెచ్చుకునే ముందు అది ఏ పనికి పుట్టిందో చూడు. ఫ్లాట్లు కొనేవాళ్ళ రక్షణకి వచ్చిన రెరా చట్టంలో కార్పెట్ ఏరియా కూడా ఇలాంటిదే. బయటి గోడలు, బాల్కనీ అందులో లేవు, లోపలి అడ్డుగోడలున్నాయి. ఫ్లాటు కొనేవాడికి అది సరైన లెక్క. కట్టుబడి ఎంతన్నది తేల్చడానికి కాదు.

పిండి మరని తీసుకో. అది పరిశ్రమా, దుకాణమా? మీ అమ్మమ్మగారి వీధిలో మర ఉండేది, బియ్యప్పిండి, మిరపకాయలు పట్టించడానికి ఆడవాళ్ళంతా నడిచి వెళ్ళేవాళ్ళు. పరిశ్రమ అని రాస్తే ఆ మర ఊరవతలికి పోతుంది. దుకాణం అని రాస్తే రేపు అదే చోట కారం మిల్లు పెట్టి ట్రక్కులు దింపుతారు, వీధంతా తుమ్ములు. పేరుతో తేల్చకు. మోటారు ఎన్ని హెచ్‌పీ, పనివాళ్ళు ఎందరు, ఏ వేళ నుంచి ఏ వేళ దాకా, సరుకు ఏ బండిలో వస్తుంది, వీటితో తేల్చు. ట్యూషన్లు, టైలరింగ్, కర్రీ పాయింటు, పీజీ హాస్టలు, డాబా మీద షామియానా వేసి అద్దెకిచ్చే ఫంక్షన్ హాలు అన్నిటికీ ఇదే దారి.

‘ఇల్లు’ అంటే ఏమిటన్నది ఇంకో చిక్కు. ఒక యూనిట్ అంటే ఉండటానికి, వండుకోవడానికి, స్నానపానాదులకి వేరుగా వసతులున్నది అంటుంది జాతీయ కోడ్. మనవాళ్ళు ‘వేరు కుంపటి’ అని ఎప్పటి నుంచో అంటున్నది ఇదే. బాగానే ఉంది, ఆ దారిలోనే వెళ్ళు. కుటుంబం జోలికి మాత్రం వెళ్ళకు. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ఈస్ట్ క్లీవ్‌లాండ్ అనే ఊరు ‘ఒక ఇంట్లో ఒక కుటుంబమే’ అని పెట్టి, కుటుంబం అంటే ఎవరెవరో జాబితా రాసుకుంది. ఇనెజ్ మూర్ అనే ఆవిడ కొడుకుతోనూ ఇద్దరు మనవళ్ళతోనూ ఉండేది. మనవళ్ళిద్దరూ ఒకే కొడుకు పిల్లలు కాదు, ఇద్దరు కొడుకుల పిల్లలు. మన లెక్కలో వాళ్ళు అన్నదమ్ములే, వేరే మాటే లేదు. ఆ ఊరి లెక్కలో మాత్రం కజిన్లు, అలాంటి ఇల్లు వాళ్ళ జాబితాలో లేదు. దాంతో ఆ నానమ్మకి ఐదు రోజుల జైలు, 25 డాలర్ల జరిమానా వేశారు. చివరికి 1977లో అక్కడి సుప్రీంకోర్టు ఆ నిబంధనని కొట్టేసింది. ఎవరికి ఎవరు ఏమవుతారన్నది టౌన్ ప్లానింగ్ వాళ్ళు కొలిచేది కాదమ్మా. పొయ్యిలు, మరుగుదొడ్లు లెక్కపెట్టుకుంటే చాలు.

ఇక నిర్వచనం వాక్యం సంగతి. ‘అంటే’ అని రాస్తే తలుపు మూసినట్టు, రాసినవే వస్తాయి. ‘కూడా వస్తాయి’ అని రాస్తే తీసి ఉంచినట్టు, రాయనివీ రావచ్చు. ఇంగ్లీషు ముసాయిదాల్లో అలవాటుగా ‘మీన్స్ అండ్ ఇంక్లూడ్స్’ అని పడేస్తారు. రెండు విధాలా పనికొస్తుందని వాళ్ళ ధీమా. మన కోర్టులు దాన్ని మూసిన తలుపుగానే చదువుతూ వచ్చాయి. ఏది కావాలో నిర్ణయించుకుని ఒక్కటే రాయి.

చెరువుల దగ్గర చాలా జాగ్రత్త. 168 జీఓలో పది హెక్టార్లు, ఆ పైన ఉన్న చెరువుకి 30 మీటర్ల బఫర్ (ఏమీ కట్టకుండా వదలాల్సిన మేర), అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు అన్నారు. అంటే పాతికెకరాలకి అటూ ఇటూ ఉన్న చెరువు పెద్దదా చిన్నదా అన్నదాని మీద ఎన్నో ప్లాట్ల బతుకు ఆధారపడి ఉంటుంది. ఆ దూరం ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి. ఎఫ్‌టీఎల్ అంటే నిండుగా ఉన్నప్పటి నీటి మట్టం అని అందరూ రాస్తారు. ఏప్రిల్‌లో వెళ్ళి ఎండిన మట్టి అంచున నిలబడి ‘నీళ్ళు ఇక్కడే ఉన్నాయి కదా’ అనేవాడికి అది చాలదు. అలుగు పారడం మొదలయ్యే మట్టం అని రాయి, ఫలానా సర్వే పటంలో చూపిన గీత అని పటం పేరు, తేదీతో సహా రాయి. అలుగు పగలగొట్టి కిందికి దించిన చెరువులు కూడా చూశాను, కాబట్టి పటమే దిక్కు. కుంట అన్న మాట పట్టాల్లో ఉంటే అదీ ఇందులోకే వస్తుందని చెప్పు.

కొలతలు మీటర్లలో రాసి, పక్కన గజాలు కూడా ఇవ్వు. అంకణాల జోలికి పోవద్దు, ఒక ఊళ్ళో అంకణం 36 చదరపు అడుగులు, ఇంకో ఊళ్ళో 72.

స్థలం, సైటు, ప్లాటు మూడూ ఒకటే అయితే ఒక్క మాటే మొదటి నుంచి చివరి దాకా వాడు. ఒకే మాట పదిసార్లు వస్తే చదవడానికి బాగుండదని మార్చడం కథల్లో చెల్లుతుంది. నిబంధనల్లో మాట మారిందంటే అర్థం కూడా మారిందనుకుంటారు.

ముసాయిదా అయ్యాక కమిషనర్‌గారికి పంపే ముందు ఒక పని చెయ్. పాత గొడవల ఫైళ్ళు ఓ పది తీసి, నీ కొత్త నిర్వచనం పెట్టి ఒక్కోటీ తేల్చు. నువ్వొక్కదానివే కాదు, ఒక ఎల్‌టీపీ (ప్లాన్లు గీసే లైసెన్సు ఉన్న ఇంజనీరు) చేత, ఒక మేస్త్రీ చేత, మీ వార్డు ప్లానింగ్ సెక్రటరీ చేత విడివిడిగా తేల్పించు. నలుగురికీ ఒకే జవాబు రాని ప్రతి చోటా వాక్యం మార్చాలి. మేస్త్రీకి మాత్రం కాగితం చేతికివ్వకు, చదివి వినిపించు. ఎక్కడ మొహం చిట్లిస్తాడో అక్కడ గీత పెట్టుకో.

మీ పెద్దమ్మ ఆవకాయ కట్టి ఉంచింది, వచ్చినప్పుడు తీసుకెళ్దువుగాని. ముసాయిదా ఫోన్‌లో పంపకు, నా కళ్ళకి ఆనడం లేదు. ప్రింటు తీయించి తీసుకురా, పక్కన మూడు వేళ్ళంత ఖాళీ వదిలించు, నేను రాయడానికి.

ఇట్లు
మీ పెదనాన్న