ముందు కారుకు ఎంత దూరంలో ఉండాలి?

తమ్ముడూ, ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉద్యోగంలో చేరాననీ, పాత కారు కొనబోతున్నాననీ రాశావు. గంటకు 30 మైళ్ల వేగం దాటకూడని రోడ్డు మీద 40లో వెళ్తే ఏమవుతుందని అడిగావు. కొత్తగా వచ్చినవాళ్లంతా ఇదే అడుగుతారు. నేను అడగలేదు, అందుకే డబ్బు కట్టి నేర్చుకున్నాను.

2006 నవంబరు. సాయంత్రం నాలుగున్నరకే చీకటి, సన్నని తుంపర. హైదరాబాద్‌లో కాస్త సందు వదిలితే ఇంకొకరు దూరతారు కాబట్టి ముందు కారుకు దగ్గరగా నడపడం నాకు అలవాటు. ఇక్కడా అంతే, 40 మైళ్ల వేగంలో రెండు కార్ల పొడవు వెనక, అంటే ఎనిమిది మీటర్ల దూరంలో వెళ్తున్నాను. ముందు ఎర్ర దీపాలు వెలిగాయి. వెంటనే బ్రేకు తొక్కాననే అనుకున్నాను. కళ్ల ముందే ఆ కారు డిక్కీ మూత అప్పడంలా ముడుచుకుపోయింది. దిగి వచ్చిన పెద్దావిడ ముందు నాకు దెబ్బ తగిలిందా అని అడిగింది. నా మనసంతా లెక్కల్లో ఉంది.

ఆ లెక్కే నీకు చెప్పాలి. 40 మైళ్ల వేగంలో ప్రమాదం గ్రహించి కాలు బ్రేకు మీదికి చేరేలోపే కారు 12 మీటర్లు పోతుంది. రెండు కార్ల బ్రేకులూ ఒకే రకమైనా ఆ 12 మీటర్లు మధ్య ఖాళీలోంచే తరుగుతాయి. నా దగ్గర ఉన్నది ఎనిమిదే.

ఇక నీ ప్రశ్న. ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్ ప్రకారం పొడి రోడ్డు మీద 30లో వెళ్లే కారు ఆగడానికి 23 మీటర్లు, 40లో అయితే 36 మీటర్లు పడుతుంది. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక పోయే దూరం నాలుగింతలవుతుంది. నేను వేసిన లెక్క ఇది: 30లో వచ్చిన కారు పూర్తిగా ఆగిన చోట, 40లో వచ్చిన కారు ఇంకా 29 మైళ్ల వేగంతో ఉంటుంది. తడి రోడ్డయితే బ్రేకు దూరం కనీసం రెట్టింపు.

వెనక నుంచి గుద్దితే తప్పు మామూలుగా వెనకవాళ్లదే. ఎక్సెస్ కింద, అంటే బీమా ఉన్నా మనమే భరించాల్సిన వాటా కింద, 400 పౌండ్లు నా జేబులోంచి పోయాయి. పౌండు అప్పుడే 80 రూపాయల పైన ఉంది. నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనివాళ్లకు ఇచ్చే తగ్గింపు, పోయి మరుసటి ఏడాది ప్రీమియం దాదాపు రెట్టింపైంది. అదంతా ఊళ్లో ఇంటి స్లాబుకు పంపుదామని దాచిన డబ్బు. ఆ ఏడాది వానలకు గోడలు పైకప్పు లేకుండానే తడిశాయి. నాన్నగారు ఫోనులో ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధించింది.

ఆ తరవాత ఇప్పటివరకు ఒక్క క్లెయిమ్ లేదు. ముందు కారు ఒక దీపస్తంభం దాటగానే "వెయ్యిన్నొకటి, వెయ్యిన్నిరెండు" అనుకుంటాను, అంటే రెండు సెకన్లు. ఆ మాట పూర్తికాకముందే నేను స్తంభాన్ని చేరితే దగ్గరైపోయానని అర్థం. వానలో నాలుగు వరకు లెక్కపెడతాను.

పాలసీ కాగితం రాగానే ముందు ఎక్సెస్ ఎంతో చూడు. ఆ మొత్తం బ్యాంకులో విడిగా ఉంచి, మిగిలింది ఇంటికి పంపు.