బైక్ ట్యాంకు కింద ఆ రెండు సన్న గొట్టాలు దేనికి?

పెట్రోలు పైపు కాక ట్యాంకు అడుగున కనిపించే ఆ రెండింటిలో ఒకటి డ్రెయిన్. మూత చుట్టూ ఉన్న గుంటలో చేరిన వాన నీళ్లు, ఒలికిన పెట్రోలు దాని గుండా కిందికి పోతాయి. ట్యాంకు లోపలి పెట్రోలుతో దానికి సంబంధం లేదు. రెండోది వెంట్: పెట్రోలు తగ్గిన మేరకు గాలి లోపలికి రావాలి కదా, ఆ దారి. కొన్ని బైకుల్లో గాలి మూతలోంచే వెళ్తుంది, వాటికి డ్రెయిన్ ఒక్కటే ఉంటుంది.

వెంట్ మూసుకుపోతే బండి కొంతదూరం బాగానే నడిచి, నీరసించి ఆగిపోతుంది. మూత తెరవగానే ‘స్స్’మని గాలి పీల్చుకుని, కాసేపటికి మళ్లీ స్టార్ట్ అవుతుంది. చాలామంది అనవసరంగా కార్బురేటర్ విప్పేది ఇక్కడే. డ్రెయిన్ మూసుకుపోతే నీళ్లు నిలిచి, గట్టిపడిన మూత రబ్బరు పక్కనుంచి ట్యాంకులోకి దిగుతాయి. నీరు పెట్రోలు కన్నా బరువు కాబట్టి అడుగున చేరి తుప్పు పట్టిస్తుంది.

చూడాలంటే మూత తెరిచి, ట్యాంకు నోటికి గుడ్డ అడ్డంపెట్టి, డ్రెయిన్ రంధ్రంలోకి సిరంజితో 10 మి.లీ. నీళ్లు వదలండి. కింద రాకపోతే ముందు గొట్టం మడతపడిందేమో చూడండి. ట్యాంకు బిగించేటప్పుడు నలిగేది అదే. ట్యాంకు లోపలి నుంచి కిందికి దిగే ఇనుప డ్రెయిన్ గొట్టంలో మట్టి ఉంటే మెత్తని నైలాన్ తీగ వాడండి. మొనదేలిన తీగతో పొడిస్తే తుప్పుపట్టిన గొట్టానికి చిల్లుపడి, పెట్రోలే డ్రెయిన్ గుండా కారుతుంది.

విప్పేముందు ఏ గొట్టం ఎక్కడిదో గుర్తు పెట్టుకోండి. వెంట్ కానిస్టర్‌కు (పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బా) వెళ్లే బైకుల్లో రెండూ తారుమారైతే వాన నీళ్లు కానిస్టర్‌లోకి పోతాయి. బయటికి తెరుచుకునే కొసలు సైలెన్సర్‌కు దూరంగా, కిందికి వేలాడాలి.