ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు ఫ్యామిలీతో ఒక్కరోజులో అవుతుందా అంటే, ముందు దిగడం సంగతి చూసుకోండి

అమెరికాలో కొలరాడో రాష్ట్రం డెన్వర్‌లో రెంటల్ కారు తీసుకుని, అమ్మానాన్నల్నీ ఇద్దరు చిన్నపిల్లల్నీ ఎక్కించుకుని రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్ ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు మొత్తం చూసి రాత్రికి వెనక్కొచ్చెయ్యొచ్చా, కొండల్లో ఎప్పుడూ నడపలేదు అని కదండీ మీరడిగింది. వచ్చెయ్యొచ్చు. మేం మొదటిసారి అచ్చం అలాగే వెళ్ళాం, అందుకే వద్దంటున్నా.

జూలైలో వెళ్ళాం. నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ళ పాప, ఐదేళ్ళ బాబు, మా అత్తగారు. అందరూ లేచి తయారయ్యి కారెక్కేసరికి పదయ్యింది, పార్కు గేటుకి ముందొచ్చే ఎస్టెస్ పార్క్ ఊళ్ళో ట్రాఫిక్, గేటు దగ్గర లైను, మొత్తానికి లోపలికెళ్ళేసరికి ఒంటిగంట దాటింది. డెన్వర్ ఎత్తు 5,280 అడుగులు, ఈ రోడ్డు మీద అన్నిటికంటే ఎత్తైన చోటు 12,183 అడుగులు, అంటే పూటలో దగ్గర దగ్గర ఏడువేల అడుగులు పైకి. అక్కడ ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రమట్టం దగ్గర అందేదాంట్లో మూడింట రెండొంతులే. నాకైతే ఆ లెక్కలేవీ తట్టలేదు, రోడ్డు బాగుంది కారు బాగుంది అంతే. రెయిన్‌బో కర్వ్ అనే మలుపు దగ్గర మావాడు వెనకసీట్లోంచి "నాన్నా ఇది చూడు" అని చిప్స్ ప్యాకెట్ ఎత్తి చూపించాడు, దిండులా ఉబ్బిపోయి ఉంది, వేలుతో కొడితే డోలు చప్పుడొస్తోంది. బయట గాలి పల్చబడ్డది, లోపల గాలి మాత్రం కింద నింపినప్పటిదే కదా. చెవులు మూసుకుపోవడం కూడా ఇంచుమించు ఇదే సంగతి, ఆవలించమనండి, గుటకలు వెయ్యమనండి, పోతుంది.

రెయిన్‌బో కర్వ్ దాటాక కొంతదూరం పక్కన గార్డ్ రెయిల్ ఉండదు. రోడ్డు అంచు, ఆ తర్వాత లోయ. మా అత్తగారు అటువైపే కూర్చున్నారు, ఫారెస్ట్ కాన్యన్ వ్యూ పాయింట్ వచ్చేదాకా కళ్ళు మూసుకునే ఉన్నారు, పాపం అంతదూరం వచ్చి ఏమీ చూడలేదు. కొత్తగా నడిపేవాళ్ళు కూడా ఇక్కడే భయపడి మధ్యగీత మీదకి జరిగిపోతుంటారు, అది ఇంకా ప్రమాదం, ఎదురుగా వచ్చేవాడూ అదే పని చేస్తుంటాడు. నిజానికి రోడ్డు రెండు లేన్ల మంచి తారురోడ్డు, వాలు ఎక్కడా 7 శాతం దాటదు. 1920లో తెరిచిన పాత ఫాల్ రివర్ రోడ్డు 16 శాతం దాకా వాలు, చాలా ఇరుకు, అది చాలక ఇది వేసుకున్నారు, 1932లో తెరిచారు. ఆ పాతది ఇప్పటికీ ఉంది, కంకరరోడ్డు, పైకి మాత్రమే వన్ వే. పెద్దవాళ్ళతో మొదటి ట్రిప్పుకి దాని జోలికి పోకండి.

పాప సంగతి చెప్పాలి. మూడో మలుపులో ఫోన్ చూస్తూ కూర్చుంది, ఆరో మలుపులో వాంతి. కవరు అందించేలోపే అయిపోయింది. కళ్ళు ఫోన్ మీద ఉంటే అవి మనం కదలట్లేదంటాయి, చెవి లోపలి భాగమేమో తిరుగుతున్నాం అంటుంది, ఆ రెంటి గొడవే కడుపులో తిప్పడం. నడిపేవాడికి రానిది ఎందుకంటే మలుపు ఎటో వాడికి ముందే తెలుసు. దీన్నిబట్టి తర్వాతి ట్రిప్పులో నేనో ఉపాయం చేశా, పాపని ముందు అద్దంలోంచి రోడ్డు కనపడేలా వెనక మధ్యసీట్లో కూర్చోబెట్టి, ప్రతి మలుపుకీ "ఎడం", "కుడి" అని ముందుగా అరవాలి, అదే నీ ఉద్యోగం అన్నా. గొంతు పోయేలా అరిచింది కానీ వాంతి మాత్రం కాలేదు. టాబ్లెట్ వెయ్యాలనుకుంటే డాక్టర్నడిగి కొండెక్కకముందే వెయ్యాలి, తిప్పడం మొదలయ్యాక వేస్తే లాభం లేదు.

ఆల్పైన్ విజిటర్ సెంటర్ చేరేసరికి రెండున్నర. అది 11,796 అడుగుల ఎత్తులో ఉంటుంది. పక్కన గుట్టమీదకి మెట్లదారి ఉంటే అత్తగారు పదిమెట్లెక్కి కూర్చుండిపోయారు, ఆయాసం, తలనొప్పి. అంతలో మబ్బు కమ్మేసింది. అక్కడ వేసవి మధ్యాహ్నాలు ఉరుములు మామూలే, చెట్లు కూడా పెరగని ఎత్తు కాబట్టి చుట్టుపక్కల అన్నిటికంటే పొడుగ్గా ఉండేది మనమే, మెరుపు కనపడగానే కార్లోకో బిల్డింగ్‌లోకో దూరడం తప్ప వేరే మార్గం లేదు. వడగళ్ళు పడ్డాయి. పిల్లలు పొట్టిచేతుల చొక్కాల్లో వణుకుతున్నారు, స్వెట్టర్లు డిక్కీలో అడుగున ఉన్న పెట్టెలో. జూలైలో స్వెట్టరెందుకని మా ఆవిడతో వాదించింది నేనే, ఆ మాట ఇప్పటికీ వినిపిస్తుంటుంది ఇంట్లో.

ఇక దిగడం. తడిరోడ్డు, ఐదుగురు మనుషులు, లగేజీ, నాకు భయం, అందుకని బ్రేక్ మీద పెట్టిన కాలు తియ్యకుండా మైళ్ళకి మైళ్ళు దిగా. రెయిన్‌బో కర్వ్ దాటాక ఏదో మాడిన వాసన, ఎదుటి కారుదేమో అనుకున్నా. మెనీ పార్క్స్ కర్వ్ దగ్గరికొచ్చేసరికి పెడల్ మెత్తబడింది, ఇదివరకు కొంచెం నొక్కితే పట్టేది ఇప్పుడు ఇంకా లోపలికి పోతోంది. అక్కడ పార్కింగ్ ఉంది కాబట్టి సరిపోయింది. ఆపి దిగి చూస్తే ముందుచక్రం దగ్గరికి చెయ్యి పెట్టలేకపోయా, సెగ. పక్కన కారాపుకున్న ఓ పెద్దాయన వాసన పట్టి వచ్చి, లోపల గేర్ లివర్ వైపు చూపించి, "డీలోనే దిగుతున్నావా" అన్నాడు. అవునన్నా. ఆయన తల అడ్డంగా ఊపి అరగంట ఆగి బయల్దేరమన్నాడు. నీళ్ళు పోద్దామా అనడిగితే వద్దన్నాడు, ఎర్రగా కాలిన డిస్క్ మీద చన్నీళ్ళు పోస్తే వంకర పోవచ్చు, పగలనూ వచ్చు.

సంగతేంటంటే డీలో, అంటే ఆటోమేటిక్ కారు మామూలుగా నడిపే గేర్లో, కారు తనంతట తను పెద్దగేర్లోకి పోతుంది, ఇంజిన్ పట్టు ఉండదు, బరువంతా బ్రేకులే ఆపాలి. రాపిడికి వేడి, ఆ వేడి బ్రేక్ ఆయిల్‌దాకా పోతే అది మరిగి బుడగలు కడుతుంది, మీరు పెడల్ తొక్కితే నలిగేది ఆ బుడగలే. అందుకని వాలు మొదలవకముందే చిన్నగేర్లోకి వెయ్యాలి, ఎల్ అనో 2 అనో ఎస్ పక్కన మైనస్ గుర్తనో ఉంటుంది, హైబ్రిడ్‌లో బి అని ఉంటుంది. ఇంజిన్ గట్టిగా ఏడుస్తుంది, ఏడవనివ్వండి, దానికేం కాదు. స్పీడ్ పెరిగినప్పుడు ఒకసారి గట్టిగా నొక్కి బాగా తగ్గించి పూర్తిగా వదిలెయ్యాలి, ఆ వదిలిన సేపే బ్రేక్ చల్లారేది. ఎలక్ట్రిక్ కారైతే నిండా ఛార్జ్ పెట్టుకుని కొండమీద నుంచి బయల్దేరొద్దు, బ్యాటరీ నిండి ఉంటే దిగేటప్పుడు మోటారు కారుని వెనక్కి పట్టి ఆపలేదు. ఇది నా ఒక్కడి చాదస్తం కాదండి, అదే కొలరాడోలో పైక్స్ పీక్ రోడ్డు మీద దిగే కార్లని మధ్యలో ఆపి బ్రేకు వేడి కొలిచి మరీ పంపిస్తారు, ఎక్కువుంటే చల్లారేదాకా పక్కన కూర్చోబెడతారు.

రెండేళ్ళ తర్వాత మళ్ళీ అదే మనుషులం వెళ్ళాం. ఈసారి ముందురోజే వచ్చి ఎస్టెస్ పార్క్‌లో రెండు రాత్రులున్నాం, అది 7,522 అడుగులు, ఒళ్ళు కొంచెం అలవాటు పడుతుంది. అత్తగారికి బీపీ ఉంది కాబట్టి డాక్టర్నడిగే తీసుకెళ్ళాం, నీళ్ళు తాగిస్తూనే ఉన్నాం. ఉదయం ఆరుకి బయల్దేరితే ఏడున్నరకల్లా పైన ఉన్నాం, రోడ్డంతా మనదే, ఎండ అడ్డంగా పడుతూ ఎల్క్ అనే పెద్దజింకల మంద రోడ్డుపక్కన మేస్తోంది. 75 అడుగుల దూరం ఉండాలి వాటికి, మూస్‌కి (అది ఇంకా పెద్దజాతి జింక) ఎలుగుబంటికి 120. మావాడు గడ్డిమీదకి పరిగెత్తబోతే పట్టుకుని లాగా, ఆ ఎత్తులో మొక్కలు తొక్కితే మళ్ళీ రావడానికి దశాబ్దాలు పడుతుంది. పదకొండుకల్లా కిందికొచ్చేశాం, మబ్బు పట్టేసరికి మేం రూములో నిద్ర.

కాబట్టి మీరు రోడ్డు మొత్తం, అంటే అవతలి చివర గ్రాండ్ లేక్ ఊరి దాకా 48 మైళ్ళు, పోయి మళ్ళీ అదే రోజు తిరిగిరావాలని పెట్టుకోకండి. ఆల్పైన్ సెంటర్‌దాకా, ఓపికుంటే ఇంకొంచెం దిగి నీళ్ళు అటు పసిఫిక్‌కి ఇటు అట్లాంటిక్‌కి విడిపోయే మిల్నర్ పాస్ దాకా పోయి వెనక్కి తిరగండి. అటువైపు లోయలో మూస్ చూడాలనుంటే ఆ రాత్రికి గ్రాండ్ లేక్‌లోనే ఉండిపోండి. పార్కులో పెట్రోల్ బంకు లేదు, ఊళ్ళోనే నింపుకోండి, ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. మామూలుగా అక్టోబర్ మధ్య నుంచి మే చివరిదాకా పైరోడ్డు మూసేస్తారు. వేసవిలో ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 2 లోపు వెళ్ళాలంటే మేం వెళ్ళినప్పుడు టైమ్ స్లాట్ ముందే బుక్ చేసుకోవాల్సి వచ్చింది, ఏటా మారుస్తుంటారు కాబట్టి పార్క్ వాళ్ళ సైట్‌లో చూసుకోండి.

ఇంకోటి, రెంటల్ కౌంటర్లో తాళాలిచ్చాక వెంటనే రోడ్డెక్కకండి. పార్కింగ్‌లోనే కూర్చుని ఆ కారులో చిన్నగేర్ ఎలా వేస్తారో లివర్ కదిపి చూసుకోండి, కనపడకపోతే అక్కడే ఉన్నవాణ్ణి అడగండి. కొండమీద మలుపులో వెతుక్కోవడం కుదరదు.